ఫార్వర్డు నిజమో కాదో తేల్చే ఉచిత సర్వీసులు: బెజవాడ, గుంటూరు వాడకానికి ఏది ఎంత?

వరదో, ఎన్నికలో, మిర్చి ధరో ఏదో ఒకటి నడుస్తుంటే చాలు, బెజవాడ అపార్ట్‌మెంటు గ్రూపులూ గుంటూరు రైతుల గ్రూపులూ నిండిపోతాయి. వచ్చినదాన్ని సరిచూసుకోవడానికి పైసా ఖర్చు లేని సర్వీసులు అరడజను పైనే ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో పనికే పనికొస్తుంది, వేరే పనికి పెడితే అదే తప్పుదారి పట్టిస్తుంది. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం: ఫొటోలకు బొమ్మను బట్టి నెట్‌లో వెతికే గూగుల్ లెన్స్, పేపరు కటింగులకు ఆ పత్రిక ఈ-పేపరు, నీళ్లకూ ధరలకూ అసలు లెక్కలు వచ్చే చోటు. ఫ్యాక్ట్‌చెక్ సైట్ల వంతు వీటి తర్వాతే.

అన్నిటికన్నా ముందు, వాట్సాప్ తనంతట తానే ఇచ్చే గుర్తు ఒకటుంది. మెసేజ్ మీద రెండు బాణాలు కనిపిస్తే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి మెసేజ్‌ను ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. చిక్కల్లా ఏమిటంటే, ఎవరైనా వీడియోను గ్యాలరీలో దింపుకుని మళ్లీ ఎక్కించినా, మాటల్ని కాపీ చేసి పేస్ట్ చేసినా ఆ బాణాలు పోతాయి. కాబట్టి బాణాలుంటే జాగ్రత్త పడాలి. లేకపోతే మాత్రం దాన్నిబట్టి ఏమీ తేలదు. ‘మా బావమరిది స్వయంగా తీశాడు’ అనే వీడియోల్లో బాణాలు ఎటూ కనపడవు.

గూగుల్ లెన్స్‌కు ఐదుకు నాలుగు మార్కులు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించామో చెప్పాలంటే ముందు వాడే తీరు చెప్పాలి. ఫొటో పైన ఎర్ర పట్టీ వేసి ‘బ్రేకింగ్’ అని తెలుగులో రాసి ఉంటే లెన్స్ బొమ్మను వదిలేసి ఆ అక్షరాల వెంట పడుతుంది. అందుకే ముందు పట్టీని కత్తిరించాలి. తర్వాత ఫ్రేమును మొత్తం ఫొటో మీద కాకుండా ఒక గుర్తు మీదికి కుదించాలి: దుకాణం బోర్డు, బస్సు నంబరు ప్లేటు, గుడి గోపురం, వంతెన స్తంభం, ఏదైనా సరే. వీడియో అయితే బోర్డులు కనబడేచోట ఆపి మూడు నాలుగు స్క్రీన్‌షాట్లు తీసి ఒక్కోదాన్నీ విడిగా వెతకాలి. కంప్యూటర్ ఉంటే ఇన్‌విడ్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఈ ఫ్రేములను తనే విడదీసి పెడుతుంది.

ఇక తగ్గించిన మార్కు సంగతి. లెన్స్ ముందుగా చూపించేది ‘ఇలాంటి’ బొమ్మల్ని. మనకు కావలసింది ఇదే బొమ్మ మొదట ఎప్పుడు కనబడిందన్నది. దానికి బొమ్మల్ని వెతికే మరో సైట్ టిన్‌ఐ మేలు, అందులో ఫలితాలను పాతవాటి నుంచి వరుస పెట్టుకోవచ్చు. అయితే అది చూపే తేదీ తన కంటబడిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు. అంటే ‘ఇంతకన్నా కొత్తది కాదు’ అనే చెబుతుంది, ‘ఇంతకన్నా పాతది కాదు’ అని చెప్పదు. ఈ తేడా గమనించక చాలామంది తప్పు తేదీని ఖాయం చేసేస్తారు. ఇంకో మాయ కూడా ఉంది: బొమ్మను అద్దంలోలాగా కుడిఎడమలు తిప్పితే వెతుకులాట దెబ్బతింటుంది. బోర్డు మీద తెలుగు అక్షరాలు తిరగబడి ఉన్నాయా అని ఒకసారి చూసి, ఉంటే ఫోన్ ఎడిటర్‌లో తిప్పి మళ్లీ వెతకండి.

ఏ యాప్ లేకుండానే బెజవాడ ఫొటోల వయసు పట్టుకునే ఉపాయమూ ఉంది. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద రాకపోకలు మొదలైంది 2020 అక్టోబరు 16న. ఇంద్రకీలాద్రి కింద నది ఒడ్డును చూపిస్తూ ‘ఈరోజు ఉదయం’ అని వచ్చిన వీడియోలో ఫ్లైఓవరే లేకపోతే, అది చాలా పాత ఉదయం. కృష్ణలంక మునిగిందంటూ వచ్చే ఫొటోలో రిటైనింగ్ వాల్ (నది ఒడ్డు రక్షణ గోడ) ఎక్కడ, ఎంతవరకు ఉందో చూడాలి. 2019 ఆగస్టు వరద బొమ్మలు ప్రతి వానాకాలం మళ్లీ బయటికొస్తాయి. బొమ్మ నిజమే, ఏడాదే అబద్ధం. పూర్తిగా కల్పించిన వాటికన్నా ఇలాంటివే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే చూసినవాళ్లకు ఊరు గుర్తుపట్టిన నమ్మకం ఉంటుంది.

బ్యారేజీ గురించిన మెసేజ్‌లకు ఏ ఫ్యాక్ట్‌చెక్ సర్వీసూ అక్కర్లేదు, నాలుగు అంకెలు తెలిస్తే చాలు. ప్రకాశం బ్యారేజీలో పట్టేది సుమారు 3.07 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). లక్ష క్యూసెక్కుల (సెకనుకు లక్ష ఘనపుటడుగుల) ప్రవాహం ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. అంటే బ్యారేజీ పూర్తిగా ఖాళీగా ఉన్నా ఎనిమిదిన్నర గంటల్లో నిండుతుంది. కనుక అక్కడ వరదను ఆపి ఉంచడం అనేదే ఉండదు, పైనుంచి వచ్చింది వచ్చినట్టు కిందికి పోవాలి. ‘70 గేట్లూ ఎత్తేశారు, పారిపోండి’ అనే మెసేజ్‌లో గేట్లు డెబ్బై అన్న మాట నిజమే. కానీ ఎన్ని అడుగుల మేర ఎత్తారో చెప్పకపోతే ఆ వాక్యానికి అర్థం లేదు, అడుగు ఎత్తినా ఎత్తినట్టే. చూడాల్సింది అవుట్‌ఫ్లో, అంటే కిందికి వదిలే నీరు. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2009 అక్టోబరులో 11.10 లక్షలు, 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలు వచ్చాయి. ఈ నాలుగింటి పక్కన పెట్టి చూస్తే ఫార్వర్డులో ఉన్న అంకె ఏ పాటిదో అర్థమవుతుంది. అంకెలు విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటనల్లోనూ జలవనరుల శాఖ రిజర్వాయర్ల పేజీలోనూ దొరుకుతాయి. ఫోన్లో అడగాలంటే 1070, 112.

సింగ్‌నగర్ వైపు వాళ్లకు ఇంకో చిక్కుంది. 2024 వరద తగ్గుముఖం పట్టాక కూడా బుడమేరు వాగుకు మళ్లీ గండి పడిందని పుకారు లేచి, అధికారులు ఖండించాల్సి వచ్చింది. అలాంటి పుకార్లు నిలబడడానికి కారణం, వాటిలో సగం నిజం ఉండడమే. బుడమేరు సొంత దారి కొల్లేరుకు. బ్యారేజీ గేట్లు ఎత్తినంత మాత్రాన ఆ నీళ్లు సింగ్‌నగర్‌కు రావు. కానీ వెలగలేరు దగ్గర నుంచి బుడమేరు నీటిని మళ్లించే కాలువ ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలిసేది బ్యారేజీకి ఎగువన. కృష్ణ నిండుగా ఉంటే ఆ కాలువ నీళ్లు దిగక వెనక్కి తంతాయి. అందుకని ‘బ్యారేజీకీ బుడమేరుకూ సంబంధం లేదు’ అని కొట్టిపారేసే మెసేజ్ కూడా తప్పే. అడగాల్సిన ప్రశ్న ‘వెలగలేరు రెగ్యులేటర్ గేట్ల దగ్గర నీటి మట్టం ఎంత’ అని. మెసేజ్ పంపినవాళ్లను అదే అడగండి, చాలావరకు అక్కడితో ఆగిపోతుంది.

వార్తల కటింగుల దగ్గర వే2న్యూస్ అనే వార్తల యాప్ చేసిన ఏర్పాటు బాగుంది. ప్రతి వార్త మీద ఒక కోడ్ ఉంటుంది, వాళ్ల ఫ్యాక్ట్‌చెక్ పేజీలో కొడితే అసలు వార్త తెరుచుకుంటుంది. నిమిషం కూడా పట్టదు. అయితే కోడ్ తెరుచుకుంది కదా అని అక్కడే ఆగిపోతే మోసపోతారు. నకిలీ తయారుచేసేవాళ్లు వేరే అసలు వార్త కోడ్‌ను తీసి అతికిస్తారు, కాబట్టి తెరుచుకున్న వార్తలో హెడ్డింగు, ఫొటో, తేదీ మీ దగ్గరున్న బొమ్మతో సరిపోవాలి. కోడ్ ఉండే మూలను కత్తిరించి పంపారంటే అనుమానానికి అదే చాలు. దినపత్రికల కటింగులకు ఈ-పేపరే గతి. తేదీ, ఎడిషన్, పేజీ, మూడూ అడగండి. విజయవాడ సిటీలో వచ్చిన వార్త గుంటూరు జిల్లా పేజీల్లో ఉండకపోవచ్చు, ఒక ఎడిషన్‌లో కనపడలేదని నకిలీ అనేయకూడదు. తేడాలు పట్టాలంటే అక్షరాలు చూడండి: ప్రతి పెద్ద పత్రికకూ తన ఫాంటు ఉంది, నకిలీల్లో హెడ్డింగు ఒక ఫాంటులో, లోపలి మాటలు ఫోన్లో దొరికే మామూలు ఫాంటులో ఉంటాయి. ఒత్తులు, వట్రసుడులు అతికీ అతకనట్టు కనిపిస్తాయి.

కటింగు అసలుదే అయినా కథ పూర్తి కాదు. ఏ పత్రిక ఎవరి పక్షమో ఈ రెండు ఊళ్లలో టీకొట్టు దగ్గర కూర్చున్న ఎవరైనా చెబుతారు, అయినా ఎవరి పత్రిక వాళ్లు నమ్ముతారు. దీనికి యాప్ లేదు, గ్రంథాలయాల్లోని పత్రికల బల్ల ఉంది. ఒకే సంఘటన గురించి రాసిన, ఒకదానికొకటి పడని రెండు పత్రికల్ని పక్కపక్కన పెట్టి, రెండూ ఒప్పుకున్న సంగతుల కింద గీత గీయండి: ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది, ఎంత సొమ్ము. మిగిలేది విశేషణాలు. ‘ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి’, ‘సర్వత్రా విమర్శలు’ లాంటి మాటలకు కర్త ఉండడు. ఎవరు ఆరోపించారో పేరు లేని చోట ఆ వాక్యాన్ని తీసేసి చదవండి, వార్త ఎంత మిగులుతుందో తెలుస్తుంది. ఈ పద్ధతి పాతది, ఉచితం, దీనికి ఐదుకు ఐదు.

ఫ్యాక్ట్‌చెక్ సైట్లలో తెలుగువారికి ఎక్కువ పనికొచ్చేది ఫ్యాక్ట్‌లీ. 2014 నుంచి హైదరాబాద్ కేంద్రంగా నడుస్తోంది, తెలుగులోనూ రాస్తుంది, అంతర్జాతీయ ఫ్యాక్ట్‌చెకింగ్ నెట్‌వర్క్ నియమావళికి లోబడి పనిచేస్తుంది. దాని బలం తీర్పు కాదు, తీర్పు కింద ఇచ్చే లింకులు. మూల పత్రం తెరిచి చూసుకోవచ్చు. బలహీనత వేగం: రాష్ట్రమంతా తిరిగాకే వాళ్ల దాకా చేరుతుంది. సింగ్‌నగర్‌లో రాత్రి పదకొండింటికి లేచిన పుకారు మీద తెల్లారేలోగా కథనం ఆశించకూడదు, అసలు ఎప్పటికీ రాకపోవచ్చు. అలా రాకపోవడాన్ని ‘ఎవరూ ఖండించలేదుగా’ అని వాదించేవాళ్లూ ఉన్నారు! గూగుల్ ఫ్యాక్ట్‌చెక్ ఎక్స్‌ప్లోరర్‌లో చాలా సైట్లను ఒకేసారి వెతకొచ్చు గానీ, తెలుగు స్పెల్లింగు తేడాలు ఇబ్బంది పెడతాయి. బ్యారేజీ, బ్యారేజ్, బేరేజి అని మూడు రకాలుగా కొట్టి, ఇంగ్లిషులోనూ ఒకసారి వెతకాలి.

ప్రభుత్వ సర్వీసులు రెండు. 2019లో మొదలైన పీఐబీ (కేంద్ర పత్రికా సమాచార కార్యాలయం) ఫ్యాక్ట్‌చెక్ కేంద్ర ప్రభుత్వ విషయాలకే. నకిలీ ఉద్యోగ నోటిఫికేషన్లు, ‘ఉచిత ల్యాప్‌టాప్’ లింకులు లాంటివాటికి భేషుగ్గా పనిచేస్తుంది. మున్సిపాలిటీ సంగతో రాష్ట్ర పథకం సంగతో అడిగితే లాభం లేదు. రాష్ట్రానికి 2021లో ఏపీ ఫ్యాక్ట్‌చెక్ పెట్టారు. రెండింటికీ ఉన్న ఇబ్బంది ఒకటే, తన మీద వచ్చిన మాటకు తనే తీర్పరి. కేంద్రానికి అలాంటి అధికారాన్నిస్తూ 2023లో ఐటీ నిబంధనలకు చేసిన సవరణను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. ‘ఫేక్’ ముద్ర కన్నా కింద జతచేసిన ఉత్తర్వు ముఖ్యం, అది లేకపోతే ఖండనను ఖండనగానే తీసుకోవాలి. జీవో అంటూ వచ్చినదానికి నంబరు, తేదీ, శాఖ చూసి జీవోల వెబ్‌సైట్‌లో వెతకండి. కానీ 2021 ఆగస్టు నుంచి మూడేళ్ల పాటు ఆ సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలైంది. ఆ మధ్య కాలపు జీవో అక్కడ దొరకలేదని నకిలీ అనుకోవద్దు, ఈ-గెజిట్ (ప్రభుత్వ రాజపత్రం సైట్) కూడా చూడాలి.

గొంతు మార్చిన ఆడియోలు, ఏఐ వీడియోలకు డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ వారి వాట్సాప్ టిప్‌లైన్ (అనుమానం ఉన్నవి పంపే నంబరు) 2024 మార్చి నుంచి తెలుగులోనూ ఉంది. పాత ఫొటోలు అక్కడికి పంపి వాళ్ల సమయం తినకండి. చాట్‌బాట్‌లకు మాత్రం ఒక్క మార్కే. ‘ఈ వీడియో నిజమేనా’ అని అడిగితే తడబాటు లేకుండా ఏదో ఒకటి చెబుతాయి, స్థానిక విషయాల్లో ఆ ధీమాకు ఆధారం ఉండదు. వెతకడానికి ఏ పదాలు వాడాలో అడగడం వరకు పర్లేదు.

గుంటూరు మిర్చి ధరల మెసేజ్‌లకు వేరే కొలత కావాలి. వాటిలో చాలావరకు అబద్ధాలు కావు, ఏరుకున్న నిజాలు. యార్డులో ఆ రోజు ఒకటి రెండు లాట్లకు పలికిన గరిష్ఠ ధరను పట్టుకుని ‘తేజ రకం క్వింటా ఇంత’ అంటారు. కేంద్రం నడిపే మార్కెట్ ధరల సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ధర అని ఉంటుంది, ఎక్కువ సరుకు పోయిన ధర అది. రైతు చూడాల్సింది దాన్ని. రకం ఏది, ఏసీ (కోల్డ్ స్టోరేజీ) సరుకా కొత్తదా, తాలు (రంగు పోయిన నాసిరకం కాయలు) కలిపారా వేరా అని చెప్పకపోతే ఆ మెసేజ్ పనికిరాదు. 2025 ఫిబ్రవరిలో ‘క్వింటాకు మద్దతు ధర రూ. 11,781’ అని తిరిగిన మాటా ఇలాంటిదే. మిర్చికి కనీస మద్దతు ధర లేదు. అది మార్కెట్ జోక్యం పథకం కింద, 2.58 లక్షల టన్నుల వరకు ధరలో తేడా చెల్లించడానికి కేంద్రం ఖరారు చేసిన అంకె. టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డుకు తెస్తే ఎవరో ఆ రేటుకు కొంటారన్న హామీ కాదు. అన్నట్టు, శని, ఆదివారాలు యార్డుకు సెలవు. ఆదివారం పొద్దున ‘ఈరోజు తాజా రేట్లు’ అని వస్తే ఎవరు పంపారో చూసుకోండి.