1,800కి 2 టీబీ ఎస్ఎస్‌డీ అంటే ఆగండి: నాన్న షష్టిపూర్తి వీడియో ఇలా పోయింది

హైదరాబాద్‌లో ఎవరైనా ఈ వారం పెన్ డ్రైవో, ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీయో (తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లలో దాచుకునే డ్రైవ్) కొనబోతుంటే ఇది చదివి వెళ్లండి. కాస్త పెద్దదే, కోపంలో రాస్తున్నా కాబట్టి అటూ ఇటూ పోతుంది కూడా, సర్దుకోండి.

రెండు నెలల కింద ఉప్పల్‌లో నాన్న షష్టిపూర్తి చేశాం. వీడియో తీసినాయన రెండు కెమెరాలు పెట్టాడు, మొత్తం ఫుటేజీ 380 జీబీ దాకా వచ్చింది. "ఎడిటింగ్ చేసిన పన్నెండు నిమిషాల వీడియో నేనిస్తా సార్, మొత్తం కావాలంటే మీరే డ్రైవ్ తెచ్చుకోండి, కెమెరాల మెమరీ కార్డులు నాకు వచ్చే ముహూర్తాలకి కావాలి" అన్నాడు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఫోన్ చేసి కనుక్కుంటే పేరున్న కంపెనీ 2 టీబీ (అంటే రెండు వేల జీబీ) ఎస్ఎస్‌డీ పదివేల పైమాటే. ఆ శనివారం కోఠి వైపు పనుండి వెళ్లినప్పుడు ఒక సందులో నాలుగడుగుల కొట్టులో అదే సైజుది 1,800 అన్నాడు. లోహపు డబ్బా, చేతిలో బరువుగా ఉంది, మంచి టైప్ సీ కేబుల్, పైన పేరున్న కంపెనీ పేరులో ఒక్క అక్షరం మార్చిన స్టిక్కర్. ఆ అక్షరం నేను ఇంటికొచ్చాక కూడా చూడలేదు, అది వేరే సంగతి.

షాపు పేరు ఇక్కడ రాయను. కంప్లయింట్ నడుస్తోంది. అయినా ఆ ఒక్క షాపు మానేస్తే తీరిపోయే గోల కాదిది, అదే డబ్బా ఆ రోజే ఇంకో మూడు చోట్ల వేలాడుతూ కనబడింది, ఆన్‌లైన్‌లో అయితే లెక్కే లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను గుడ్డిగా కొనలేదు, వాళ్ల కంప్యూటర్‌కి పెట్టి చూపించమన్నా. చూపించాడు. 1.81 టీబీ అని వచ్చింది. నాకు తెలిసిన సగం జ్ఞానం సరిగ్గా అక్కడే నన్ను ముంచింది. నిజమైన 2 టీబీ డ్రైవ్ విండోస్‌లో 1.81 గానే కనబడుతుంది, ఎందుకంటే కంపెనీవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. 1 టీబీ కొంటే 931 జీబీ, 500 కొంటే 465 కనబడేది కూడా ఇందుకే, అందులో మోసమేమీ లేదు. మైళ్లలో చెప్పినా కిలోమీటర్లలో చెప్పినా దూరం ఒకటే కదా, అలాగ. మాక్‌లో చూస్తే అదే డ్రైవ్ పూర్తి 1 టీబీ అనే చూపిస్తుంది. "69 జీబీ తినేశాడు" అని షాపువాళ్లతో గొడవపడేవాళ్లని చూసి నవ్వుకున్నవాణ్ణి నేను. 1.81 కనబడగానే "ఆహా, లెక్క సరిపోయింది, అసలుదే" అనుకుని ఫోన్‌పే కొట్టేశా. నకిలీ చేసేవాడికి కూడా ఆ లెక్క తెలుసని తట్టలేదు.

వీడియో ఆయన దగ్గరే కాపీ పెట్టాం. సెకనుకి 22 ఎంబీ చొప్పున దాదాపు అయిదు గంటలు. ఎస్ఎస్‌డీ అన్నాక సెకనుకి 400 ఎంబీ దాకా పోవాలి. ఆ 22 చూసి "ఆయన సిస్టమ్ పాతది" అనుకున్నాం ఇద్దరం. ఎర్రర్ ఒక్కటీ రాలేదు, కాపీ పూర్తయింది, మొదటి ఫోల్డర్ తెరిచి గణపతి పూజ క్లిప్పులు రెండు చూశాం, అద్దంలా ఉన్నాయి. "సరేనండీ, కార్డులు మీరు వాడుకోండి" అని నా నోటితో నేనే చెప్పి వచ్చా.

మూడు వారాల తర్వాత మా చిన్నత్తయ్య ఖమ్మం నుంచి వస్తే టీవీకి పెట్టాం. గణపతి పూజ వచ్చింది, పుణ్యాహవాచనం వచ్చింది, హోమం సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత క్లిప్పులన్నీ పేర్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 4 జీబీ అని సైజు కూడా చూపిస్తోంది, తెరిస్తే మాత్రం ఈ ఫైల్ నడవదంటుంది. చివరి మూడు ఫోల్డర్లు ఖాళీ. నాన్న అమ్మ మెళ్లో మళ్లీ తాళి కట్టింది, నలుగురు మనవలు అక్షింతలు వేసింది, అంతా ఆ ఖాళీలోనే. అమ్మ ఏమీ అనలేదు, "టీవీ పాతదైంది లేరా" అంది, ఆ మాట ఇంకా గుచ్చుతోంది.

మా బావమరిది మాదాపూర్‌లో ఒక ఆఫీసులో సిస్టమ్స్ చూసుకుంటాడు. డ్రైవ్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఊపి, "బావా, ఇది విప్పనా?" అన్నాడు. విప్పాడు. లోపల వేలెడంత బోర్డు, దానికి గుచ్చిన మైక్రో ఎస్‌డీ కార్డు ఒకటి, పక్కన జిగురుతో అంటించిన ఇనుప ముక్క. నేను చేతిలో పట్టుకుని "బరువుంది, గట్టి మాల్" అనుకున్నది ఆ ముక్కనే. కార్డు అసలు సైజు 64 జీబీ.

64 జీబీది 2,000 జీబీ అని ఎలా చెప్పుకుంటుందో వాడు చెప్పాక గానీ నాకు బుర్రకెక్కలేదు. డ్రైవ్ సైజుని కంప్యూటర్ కొలవదు, డ్రైవ్‌నే అడుగుతుంది. లోపల కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది, అది ఎంత చెబితే కంప్యూటర్ అంతే అని నమ్ముతుంది. ఆ చిప్‌లో ప్రోగ్రామ్ మార్చి అబద్ధం చెప్పిస్తారు. పది గదుల లాడ్జివాడు రిజిస్టర్‌లో మూడొందల గదులని రాసుకుని వచ్చినవాడికల్లా తాళం ఇచ్చినట్టన్నమాట. పదకొండోవాడి పేరు కూడా రిజిస్టర్‌లో చక్కగా ఎక్కుతుంది, పైకెళ్తే గది ఉండదు. ఆ రిజిస్టర్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందనే పట్టిక, డ్రైవ్ మొదట్లో ఉంటుంది, మొదటి భాగం నిజమైనదే కాబట్టి పేర్లు, సైజులు బాగానే కనబడతాయి. నాకు మూడు ఫోల్డర్లు ఖాళీగా ఎందుకొచ్చాయంటే, ఆ ఫోల్డర్లలో ఏముందనే చిట్టా కూడా లేని గదుల్లోనే రాశారు కాబట్టి. కొన్ని నకిలీలు ఇంకా దుర్మార్గం, నిండాక మళ్లీ మొదటికొచ్చి పాత ఫైళ్ల మీదే రాస్తాయి, అప్పుడు మొన్న బాగున్న ఫోటో ఇవాళ పోతుంది.

ఇంకోటి, విండోస్‌లో మామూలు కాపీ అంటే పంపడం వరకే. పంపింది అక్కడ సరిగ్గా పడిందా అని వెనక్కి చదివి చూడదు. డ్రైవ్ "అందింది" అంటే ఊరుకుంటుంది. అందుకే అయిదు గంటల్లో ఒక్క ఎర్రర్ లేదు.

రికవరీ గురించి అడిగేవాళ్లకి ముందే చెబుతున్నా, చేయించా. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ మావాడే నడిపాడు, తర్వాత డబ్బులు తీసుకునేవాళ్ల దగ్గరికీ వెళ్లా. పొరపాటున డిలీట్ చేసింది తిరిగి రావచ్చు, ఎందుకంటే అది ఇంకా అక్కడే ఎక్కడో ఉంటుంది. ఇక్కడ అసలు రాయనేలేదు, ఏం వెతుకుతారు?

షాపుకి మళ్లీ వెళ్లా. ఆ అబ్బాయి తొణకలేదు. "ఆన్ జేసి చూపిచ్చిన గదా అన్నా, రెండు టీబీ కనవడ్డది గదా? నేనేమన్న ఫ్యాక్టరీల తయారు జేస్తున్ననా, వచ్చిన మాల్ అమ్ముత. కావాలంటే ఇంకో పీస్ ఇస్త, పైసలు మాత్రం వాపస్ రావు." ఇంకో పీస్ ఇస్తాడట! బిల్లు అడిగితే చెకింగ్ వారంటీ (అంటే షాపులో పెట్టి చూపించడం వరకే) ఒక్కటే అని ముద్ర కొట్టిన కచ్చా చీటీ, సీరియల్ నంబర్ లేదు, జీఎస్టీ లేదు.

కానీ చట్టం అలా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న వస్తువు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అదీ అంతే, బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. నాకు అప్పటికి ఇరవై ఆరు రోజులు. 1915కి ఫోన్ చేశా, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, కంప్లయింట్ నంబర్ ఇచ్చారు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, చీటీ, డ్రైవ్ విప్పిన ఫోటోలు దాచిపెట్టా. నగదు ఇచ్చి ఉంటే నా దగ్గర ఏమీ ఉండేది కాదు, కాబట్టి ఇలాంటి చోట కొనక తప్పకపోతే కనీసం యూపీఐలో కట్టండి.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. మంచి షాపులో కొన్నా సరే, కొత్త డ్రైవ్‌లో మీ ఫైల్ ఒక్కటి కూడా పెట్టకముందే టెస్ట్ చేయండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉంది, జర్మనీ కంప్యూటర్ పత్రిక ఒకటి ఇచ్చిన ఉచిత ప్రోగ్రామ్. డ్రైవ్ మొత్తం నింపేసి, ఆ నింపినదంతా వెనక్కి చదివి పోలుస్తుంది. లైనక్స్, మాక్ వాడేవాళ్లకి ఎఫ్3 ఉంది, పని అదే. ఎక్కువ టైమ్ పడుతుంది, నా నకిలీది పూర్తిగా నింపాలంటేనే 25 గంటల పైన. మావాడు నడిపి మధ్యలో ఆపేసి చూస్తే 58 జీబీ చిల్లర బాగుంది, ఆ తర్వాత రాసిందంతా పోయింది అని వచ్చింది. అంత ఓపిక లేకపోతే స్టీవ్ గిబ్సన్ అనే ఆయన రాసిన వాలిడ్రైవ్ వాడండి, డ్రైవ్ పొడవునా 576 చోట్ల కొంచెం కొంచెం రాసి చదివి చూస్తుంది, నిమిషాల్లో తేలిపోతుంది. ఫుల్ టెస్టంత గట్టిది కాదు గానీ ఇలాంటి మోసాన్ని పట్టడానికి చాలు.

హార్డ్ డిస్కులకి వేరే వేషం ఉంది. మా ఆఫీసులో ఒకతను "కొత్తది, సీల్డ్" అని 4 టీబీ కొన్నాడు, డ్రైవ్ వివరాలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ప్రోగ్రామ్‌లో చూస్తే 26,000 గంటలు నడిచినట్టు ఉంది, అంటే పగలూ రాత్రీ ఆపకుండా మూడేళ్లు. ఏ సీసీటీవీ డబ్బాలోంచో ఊడబెరికి కవరేసినట్టుంది. ఆ గంటల మీటర్‌ని సున్నా చేసేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి సున్నా చూసి మురిసిపోవద్దు, సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్లో కొట్టి చూడండి. సీగేట్, వెస్టర్న్ డిజిటల్ సైట్లలో వారంటీ ఎప్పటిదాకా ఉందో వచ్చేస్తుంది. కొత్తదని అమ్మినదానికి వారంటీ ఎప్పుడో అయిపోయిందని వస్తే ఇంకేం చెప్పాలి.

లాప్‌టాప్ కొనేవాళ్లకి ఒక మాట, "512 మెమరీ" అని ఎవడైనా అంటే ర్యామా స్టోరేజా అని అడగండి, మన దగ్గర రెండింటినీ మెమరీ అనే అంటారు. ర్యామ్ కరెంట్ పోతే ఖాళీ అయిపోయేది, ఎస్ఎస్‌డీ ఉంచుకునేది. అలాగే ఎం.2 అనేది ఎస్ఎస్‌డీ ఆకారం పేరు, స్పీడ్ పేరు కాదు. అదే ఆకారంలో సాటా అనే పాత కనెక్షన్ రకం సెకనుకి 550 ఎంబీ దగ్గరే ఆగుతుంది, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం అయితే మూడు వేలు దాటేవి ఉంటాయి. ఒకదాని ధరకి ఇంకోటి అంటగడతారు.

మా సంగతి అంటారా, బంధువుల వాట్సాప్ గ్రూపులో అడిగి ఎవరి ఫోన్లో ఏ ముక్క ఉంటే అది పోగేస్తున్నా. తాళి కట్టింది మా చిన్నత్తయ్య కొడుకు తీశాడు, నలభై సెకన్లు, మధ్యలో ఎవరిదో తల అడ్డం. వీటికోసం బిల్లుతో 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ కొన్నా, పొద్దున్నించి టెస్ట్ నడుస్తోంది, ఇది రాసే టైమ్‌కి 61 శాతం. అమ్మ గంటకోసారి వచ్చి "అయిందా?" అని అడిగి వెళ్తోంది.