జిప్సీకి టర్బో: దళసరి హెడ్ గ్యాస్కెట్ తీసేశాక

టర్బో పెట్టాలంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో ఆ అంకె) తగ్గించాలి, దానికి దళసరి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ, పైన మూతలా ఉండే హెడ్‌కీ మధ్య వేసే పొర) వేస్తే చాలు అని ఎవరైనా చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెప్పేవాళ్లకు అది అమ్ముడుపోయే సరుకు. దెబ్బ తినేది మన పిస్టన్లు. జిప్సీ 1.3 లీటర్ 16 వాల్వ్ ఇంజన్‌కి చిన్న టర్బో వేసి, 0.5 బార్ బూస్ట్‌తో (టర్బో గాలిని అదనంగా నొక్కే ఒత్తిడి) మా చేను పనులకు వాడుతున్నాను. దళసరి గ్యాస్కెట్, మామూలు మందం ఎంఎల్ఎస్ (పలచటి స్టీలు రేకుల పొరలది) గ్యాస్కెట్, రెండూ ఇదే బండిలో ఎండాకాలం చూశాయి. టర్బో, ఇంటర్‌కూలర్, పైపుల సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను.

ముందు లెక్క. బోరు 74, స్ట్రోక్ 75.5 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో సిలిండర్ 324.7 సీసీ. నా ఇంజన్‌ని బ్యూరెట్‌తో కొలిపిస్తే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 38.6 సీసీ తేలింది. కంప్రెషన్ 9.4 అన్నమాట. గ్యాస్కెట్ మందం 1 మిల్లీమీటరు పెంచితే ఆ ఖాళీ సుమారు 4.4 సీసీ పెరిగి కంప్రెషన్ 8.5కి దిగుతుంది. కిట్ అమ్మిన షాపువాళ్లు చెప్పిందీ ఇదే, లెక్కలో తేడా లేదు. ముందు ఆ దళసరిదే వేశాను, మొదటి వానాకాలం, చలికాలం బండి బాగా లాగింది కూడా. అడిగిన దోస్తులందరికీ అప్పట్లో ఆ గ్యాస్కెట్టే చెప్పాను.

ఎండలు ముదిరాక అసలు సంగతి బయటపడింది. నర్సంపేట దగ్గర మా చేను చెరువు కిందే ఉంటుంది. మిర్చి బస్తాల ట్రాలీ తగిలించి కట్ట ఎక్కించాలి. ఏప్రిల్ మధ్యాహ్నం, సెకండ్ గేర్, కట్ట సగం ఎక్కి బూస్ట్ అందుకోగానే టకటకా నాకింగ్, అంటే సిలిండర్‌లో వేళ తప్పి పేలే చప్పుడు. కాలు తీస్తే ఆగుతుంది, తొక్కితే మళ్లీ మొదలు. స్పార్క్ టైమింగ్ వెనక్కి జరిపించాను, అంటే ప్లగ్ కాస్త ఆలస్యంగా వెలిగేలా. చప్పుడు తగ్గింది కానీ ఎగ్జాస్ట్ వేడి పెరిగింది, చీకటి పడ్డాక చూస్తే టర్బో హౌసింగ్ ఎర్రగా కనిపించేది. లాగుడూ పోయింది. అలాగే నెట్టుకొస్తుంటే ఒకనాడు కట్ట మీదే టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. ఆపి చూస్తే రేడియేటర్ పైహోస్ బిర్రుగా ఉబ్బి ఉంది. సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి తోసుకొస్తోందని అర్థమైంది.

వరంగల్‌లో మా మెకానిక్ హెడ్ విప్పాడు. గ్యాస్కెట్ మీద రెండో, మూడో సిలిండర్ల నడుమ నల్లటి చార. పిస్టన్ల అంచులు చెదలు తిన్న తలుపు లెక్క సన్నగా గుంటలు పడి ఉన్నాయి. అతను వెంటనే మందు చెప్పలేదు. సోల్డర్ తీగ ముక్కలు పిస్టన్ అంచున గ్రీజుతో అంటించి, అదే గ్యాస్కెట్‌తో హెడ్ బిగించి, బెల్టు వేసి, క్రాంక్‌ని చేత్తో తిప్పాడు. మళ్లీ విప్పి, నలిగిన తీగని మైక్రోమీటర్‌లో పెడితే 2.1 మిల్లీమీటర్లు. "అన్నా, గింత సందు ఉంటే పెట్రోల్ గాలి గా అంచులకు పోయి కూసుంటది. మంట గాడిదాక వచ్చేలోపే వేడికి దానంతట అదే పేల్తది" అన్నాడు.

నాకు కళ్లు తెరిపించిన మాట అది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్ అంచున చదునుగా ఉండే భాగానికీ దానికీ మధ్య సందు 1 మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటే, అక్కడి మిశ్రమం నడిమికి చిమ్ముకొచ్చి సుడి తిరుగుతూ వేగంగా కాలుతుంది. అంచున మిగిలే కాస్తా లోహం తగిలి చల్లబడుతుంది. దళసరి గ్యాస్కెట్ కంప్రెషన్‌ని తగ్గిస్తూనే ఈ రక్షణని ఊడగొడుతుంది. హెడ్‌లో సాక్ష్యం కూడా కనిపించింది: సందు బిగుతుగా ఉంటే శుభ్రంగా ఉండాల్సిన ఆ చదును భాగమంతా మసి పట్టి ఉంది. పైగా హెడ్ అంత లేచేసరికి బెల్టు తిప్పే క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే వేళ) కూడా కొంచెం వెనకబడుతుంది.

ఈసారి గ్యాస్కెట్‌ని మామూలు మందంలోనే ఉంచి, ఆర్డర్ మీద చేయించిన ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన గట్టి) పిస్టన్ల తలలో 5 సీసీ గుంట పెట్టించాం. హెడ్, బ్లాక్ రెండూ గోరు తగలనంత నున్నగా ఫేసింగ్ (మిషన్ మీద చదును) చేయించాం. ఎంఎల్ఎస్‌కి అది తప్పనిసరి. సందు 0.95కి వచ్చింది, కంప్రెషన్ మళ్లీ అదే 8.5. అంకె మారలేదు, ఇంజనే మారింది! తర్వాతి ఎండాకాలం అదే కట్ట, అదే బరువు, నాకింగ్ లేదు. వెనక్కి జరిపిన టైమింగ్‌లో 4 డిగ్రీలు తిరిగి ఇచ్చాం. బస్తాలతో కట్ట ఎక్కి దిగుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అయితే ఈలోగా బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చేసింది. దాని ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) 95 అని ప్రభుత్వమే చెబుతోంది, ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు లోపలికి వెళ్లే గాలిని చల్లబరుస్తుంది కూడా. కాబట్టి ఘనతంతా గ్యాస్కెట్‌దే అని కిందటేడు అన్నంత గట్టిగా ఇప్పుడు అనను. లోపాలూ ఉన్నాయి. డిసెంబర్ పొద్దుటి చలిలో హెడ్ వెనక మూల కూలెంట్ చెమ్మ కనిపిస్తుంది, ఇంజన్ వేడెక్కాక ఆరిపోతుంది. చల్లటి ఇంజన్‌లో పిస్టన్ చప్పుడు కూడా వినిపిస్తుంది. బూస్ట్ రాకముందు, నల్లరేగడి బురదలో మెల్లగా పాకేటప్పుడు, పాత 9.4 కంప్రెషన్ లాగుడు గుర్తొస్తుంది.

నాది పొలంలో తిరిగే బండి, బరువు లాగాలి, నమ్మకమైన మెకానిక్ దగ్గర్లోనే ఉన్నాడు. పిస్టన్ల ఖర్చు నాకు అందుకే గిట్టుబాటైంది. 0.3 బార్‌తో సరిపెట్టుకునేవాళ్లకు ఒరిజినల్ పిస్టన్లు, ఒరిజినల్ గ్యాస్కెట్ ఉంచి, ట్యూనింగ్ మీద ఆ డబ్బు పెట్టడమే మేలేమో. రోడ్డు మీద తిప్పే బండైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూసుకోండి, కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం అందులోకే వస్తుంది.

బొలెరోకి ఇలాగే చేయొచ్చా అని మా ఊళ్లో అడుగుతుంటారు. డీజిల్‌కి ఈ అంకెలు పనికిరావు. అక్కడ చాలా ఇంజన్లలో పిస్టన్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకొస్తుందో డయల్ గేజ్‌తో కొలిచి, గ్యాస్కెట్ అంచున ఉండే గాట్లు లేదా కన్నాలు లెక్కబెట్టి, దానికి తగిన మందం తీసుకోవాలి.