కార్డియాక్ రిహాబ్: నర్సులకు అయిదు స్టార్లు, బిల్లింగ్ కౌంటర్‌కి ఒకటి

అమ్మాయి కాన్పుకని న్యూజెర్సీ వచ్చి, నేనే ఛాతీ కోయించుకున్నాను. మూడు గ్రాఫ్టుల (మూసుకుపోయిన చోటు దాటించి అతికే రక్తనాళాలు) బైపాస్. ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, అప్పుడు నాకు స్పృహ ఉంటే కదా. ఈ రివ్యూ ఆ తర్వాత గుండె కోలుకోవడానికి దగ్గరుండి వ్యాయామం చేయించే రిహాబ్ సెంటర్లో చేరాను కదా, దాని గురించి. పేరు రాయను, ఎందుకో చివర్లో అర్థమవుతుంది.

ఇంటికి పంపేటప్పుడు గుండె ఆకారంలో ఎర్రటి దిండొకటి చేతిలో పెట్టారు. వాలెంటైన్స్ డే బొమ్మలా ఉందని నవ్వుకున్నాను. ఆ రాత్రి దగ్గు వచ్చింది చూడండి, దిండును రెండు చేతులా ఛాతీకి అదుముకుంటే గానీ ప్రాణం కుదుటపడలేదు. ఆపరేషన్‌కి కోసి మళ్లీ తీగలతో బిగించిన ఛాతీ ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుందట, అందాకా 10 పౌన్లు, అంటే నాలుగున్నర కిలోలకు మించి ఎత్తకూడదన్నారు. మనవడు అప్పటికే 12 పౌన్లు!

రిహాబ్‌లో ఛాతీకి స్టిక్కర్లు అంటించి ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు, మన ఈసీజీ నర్సు ముందున్న తెరమీద నడుస్తూ ఉంటుంది. గోడ మీద 6 నుంచి 20 దాకా అంకెలున్న చార్టు. ఎంత ఆయాసంగా ఉందో అంకెలో చెప్పాలి. ఒకటి నుంచి కాకుండా ఈ 6 ఏమిటంటే, దాన్ని పదితో హెచ్చిస్తే సుమారుగా గుండె వేగం వస్తుందని ఆ లెక్క పెట్టారట. అడిగినప్పుడల్లా నేను అలవాటుగా "పర్లేదు" అనేవాణ్ని. ఫోన్లో ఉన్న తెలుగు ఇంటర్‌ప్రెటర్ దాన్ని "ఓకే" అని చెప్పడం, నర్సు వెంటనే మిషన్ స్పీడు పెంచడం! మూడోసారికి ఆయనే, "సార్, పర్లేదు అనకండి, అంకె చెప్పండి" అని బతిమాలాడు. 15 అన్నాను. నర్సు కంగారుపడి స్పీడు తగ్గించేసింది, నాకు 13 దాటకూడదట. ఆపరేషన్ అయ్యాక ఒళ్లు నిజంగా ఎలా ఉందో నేను చెప్పడం అదే మొదటిసారి, ఇంట్లోవాళ్లక్కూడా చెప్పలేదు.

డైటీషియన్ మంచమ్మాయే, ఉప్పు గురించి ఓపిగ్గా చెప్పింది, కానీ ఆమె పట్టికలో సూప్ డబ్బాలున్నాయి గానీ ఆవకాయ లేదు. లేదు కదా అని నేను ఊరుకుంటే, మా అమ్మాయి ఊరుకోలేదు.

ఇక కౌంటర్. నా విజిటర్ ఇన్సూరెన్స్ రిహాబ్‌కి వర్తించదన్న సంగతి మూడు సెషన్లయ్యాక బిల్లు చేతికిచ్చి మరీ చెప్పారు. మెడికేర్ (ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే బీమా) ఉన్నవాళ్లకు 36 సెషన్ల దాకా కవరవుతుంది, నాలాంటి విజిటర్‌కి అది లేదు. 14 సెషన్లు చేసి ఆపేశాను. అమ్మానాన్నల్ని చేర్పించేవాళ్లు సెషన్‌కి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా అప్పుడే చెప్పండి, దానికి డబ్బు తీసుకోరు. దిండు మాత్రం ఇండియాకి పట్టుకెళ్తున్నాను. కార్లో సీటుబెల్టు పట్టీ కుట్ల మీద ఒరుసుకోకుండా పనికొస్తుందని మా ఆవిడ ఇప్పుడే హ్యాండ్‌బ్యాగులో పెట్టేసింది.