రెండు డీజిల్ పికప్‌లు, ఎనిమిదేళ్లు: గుంటూరు నుంచి నా అనుభవం

మాది గుంటూరు. 2017 జూన్‌లో మొదటి డీజిల్ పికప్ కొన్నాను, అది బీఎస్4, అంటే బండి పొగకు పెట్టిన పాత కాలుష్య ప్రమాణం. 2022 ఫిబ్రవరిలో రెండోది తీసుకున్నాను, ఇది అంతకన్నా కఠినమైన కొత్త ప్రమాణం, బీఎస్6. పాతది ఇప్పటికి 2,84,000 కిలోమీటర్లు తిరిగింది, కొత్తది 1,46,000 దాటింది. రెండూ ఒకే తరగతి బండ్లు. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, వెనక స్ప్రింగుల్లా బరువు మోసే కమాన్ పట్టీలు, 1,300 కిలోలు మోసే తొట్టి. కంపెనీ పేర్లు రాయడం లేదు. నేను పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు బండిని వాడిన తీరు వల్ల వచ్చినవే. ఏ కంపెనీ పికప్ కొన్నవాళ్లకైనా ఇవి పనికొస్తాయి.

ముందుగా నేను చేసిన పెద్ద పొరపాటు చెబుతాను. ఇప్పటికీ మా దగ్గర చాలామంది అదే చేస్తున్నారు.

కొత్త బండి వచ్చాక దాన్ని కళ్లముందే ఉంచుకోవాలనిపించింది. అందుకే ఊళ్లో పనికి పెట్టాను. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు ఎక్కించడం, ఏటుకూరు రోడ్డు వైపు కోల్డ్ స్టోరేజీలో దించడం, మళ్లీ యార్డుకు రావడం. ఒక్కో ట్రిప్పు ఏడెనిమిది కిలోమీటర్లు మించదు. సీజన్‌లో యార్డు గేటు దగ్గర గంటల తరబడి లైను ఉంటుంది. ఇంజన్ ఆన్‌లోనే ఉంచి కొంచెం కొంచెం జరుపుకుంటూ పోవాలి. పాత బండినేమో సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల దాకా పంపేవాణ్ని, రైతుల కల్లాల నుంచి సరుకు తేవడానికి. దారిలో ఆగిపోయినా ఏ ఊళ్లో మెకానిక్ అయినా దాన్ని చూడగలడని నా ధైర్యం.

రెండు నెలలు తిరక్కుండానే కొత్త బండి డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. డ్రైవర్ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంకో వారానికి, 28 టిక్కీల లోడుతో చిలకలూరిపేట రోడ్డు మీద, బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం నలభై దాటలేదు. ఏప్రిల్ నెల, సీజన్ మధ్యలో, కోల్డ్ స్టోరేజీ దగ్గర హమాలీలు ఎదురుచూస్తున్నారు. ఆ రోజు పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

జరిగిందేమిటంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టుకోవడానికి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి అప్పుడప్పుడూ కాలిపోవాలి. దానికి లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. బండి హైవే మీద ఒకే వేగంతో పదిహేను, ఇరవై నిమిషాలు పరిగెత్తితే కంప్యూటరే కాస్త ఎక్కువ డీజిల్ పంపి ఆ వేడి పుట్టిస్తుంది. యార్డు ట్రిప్పుల్లో ఆ అవకాశమే రాదు. మసి కాలడం మొదలయ్యేసరికి మనం ఇంజన్ ఆపేస్తాం. మసి అలాగే పేరుకుంటుంది. అంతకన్నా చెడ్డ సంగతి, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. నా బండిలో ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిల్ పై గీత కంటే ఎక్కువ ఉంది. ఆయిల్ తగ్గితే భయపడాలని అందరికీ తెలుసు. పెరిగినా భయపడాలని నాకు ఆ రోజే తెలిసింది.

సర్వీసు సెంటర్‌లో కంప్యూటర్ తగిలించి మసి కాల్పించారు, ఆయిల్ మొత్తం మార్చారు. రెండు రోజుల కిరాయి పోయింది. ఆ ఫిల్టర్ కోసి లోపలిదంతా తీసేస్తే మళ్లీ ఈ గోల ఉండదని ఒకాయన సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. అది చట్టవిరుద్ధం, అదొక కారణం. ఇంకో కారణం, గేటు దగ్గర లైన్లో నా బండి వెనకే నిలబడే హమాలీలు. రోజంతా మిర్చి ఘాటు పీల్చేవాళ్ల చేత నా మసి కూడా పీల్పించడం నాకు ఇష్టం లేదు.

ఆ వారమే బండ్లు మార్చేశాను. కొత్తది పల్నాడు రోడ్డుకి, విజయవాడ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ ట్రిప్పులకి. పాతది యార్డుకి. అప్పటినుంచి ఆ పసుపు లైటు మూడేళ్లలో ఒక్కసారి వెలిగింది, అదీ వర్షాలకు వారం రోజులు కిరాయిలు లేక ఊళ్లోనే తిరిగినప్పుడు. డ్రైవర్‌ని కాజ టోల్ దాకా పంపి వెనక్కి రమ్మన్నాను, లైటు పోయింది. అందుకే ఎవరైనా ఏ బండి తీసుకోమంటావన్నా అని అడిగితే, ఎంత లోడు వేస్తావని నేను ముందు అడగను, ఒక్కో ట్రిప్పు ఎన్ని కిలోమీటర్లని అడుగుతాను. రోజంతా ఐదారు కిలోమీటర్ల ట్రిప్పులే అయితే కొత్త డీజిల్ బండి వద్దనే చెబుతాను. ఆ పనికి సీఎన్‌జీ చిన్న బండి నయం.

కొత్త బండితో కల్లాలకు వెళ్లేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మసి కాలుతున్నప్పుడు సైలెన్సర్ కింద విపరీతమైన వేడి ఉంటుంది. నిలబెట్టినప్పుడు ఐడిలింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం, మామూలు కంటే పెరిగి, కాలిన వాసన వస్తుంటే ఆ పని నడుస్తోందని అర్థం. అలాంటప్పుడు ఎండు మిరప తొడాల మీదో, గడ్డి మీదో, గోనె సంచుల పక్కనో బండి ఆపకండి. మా డ్రైవర్లిద్దరికీ ఇది పదేపదే చెబుతుంటాను.

ఇక పాత బండి. దాన్ని పల్నాడు తిప్పిన రోజుల్లోనే దానికి పెద్ద దెబ్బ తగిలింది. 2019 మే నెలలో దారిలో వేడెక్కితే అప్పటి డ్రైవర్ రోడ్డు పక్క బోరు నీళ్లు పట్టి రేడియేటర్లో పోశాడు. ఒకసారి కాదు, నెల రోజులు అదే పని. పిడుగురాళ్ల, మాచర్ల వైపు నేలంతా సున్నపురాయి. ఆ నీళ్లు కాచిన గిన్నెలో తెల్లటి పొర ఎలా కడుతుందో ఆ ఊళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే కట్టింది. చివరికి ఇంజన్ హెడ్‌కీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది. విజయవాడ ఆటోనగర్‌లో హెడ్ దింపి, లేత్ మీద చదును చేయించి, రేడియేటర్ కొత్తది వేయించేసరికి 41,000 రూపాయలు ఖర్చయింది. అప్పటినుంచి రెండు బండ్లలోనూ సీటు వెనక రేడియేటర్లో పోసే కూలెంట్ ఐదు లీటర్ల డబ్బా ఉంటుంది. అది ఖాళీ అయితే బండి ఆపి నాకు ఫోన్ చేయాలి. అంతేగానీ బోరు నీళ్లు పోయకూడదు.

లోడు విషయంలో నా లెక్క సూటిగా ఉంటుంది. టిక్కీ 42 కిలోలనుకుంటే 30 టిక్కీలు 1,260 కిలోలు, అక్కడితో ఆపుతాను. నా చుట్టూ ఇదే సైజు బండ్ల మీద 45 వేసేవాళ్లు ఉన్నారు. ఆ పదిహేను టిక్కీల అదనపు కిరాయి చేతికి వెంటనే కనిపిస్తుంది, విరిగే కమాన్ పట్టీ, అరిగే బ్రేకులు, వెనక చక్రాల బేరింగులు ఆర్నెల్ల తర్వాత కనిపిస్తాయి. మొదటి ఏడాది నేనూ వేశాను. రెండుసార్లు మెయిన్ పట్టీ విరిగింది, వెనక టైర్లు 28,000 కిలోమీటర్లకే అరిగిపోయాయి. ఇప్పుడు అవే టైర్లు 45,000 దాకా వస్తున్నాయి. 2019లో సవరించిన మోటారు వాహన చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఒక్కో అదనపు టన్నుకు 2,000. బండితో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, ఆ సౌకర్యం చూసుకునే నేను ఈ సైజు ఎంచుకున్నాను.

మైలేజీ లోడుతో పాతది 12, కొత్తది హైవే మీద 13 పైన ఇస్తున్నాయి. 2025లో మన దగ్గర డీజిల్ లీటరు 97 రూపాయల పైనే ఉంది, అలాంటప్పుడు ఆ ఒక్క కిలోమీటరు తేడా కూడా నెలాఖరుకు తెలుస్తుంది. క్లచ్ ప్లేటు పాతదానికి రెండుసార్లు మార్చాను. మొదటిది 95,000కే పోయింది, గేటు లైన్లో క్లచ్ మీద కాలు తీయని డ్రైవర్ వల్ల.

మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. నా రెండు బండ్లకూ పెద్ద పని ఆ రోజుల్లోనే. కమాన్ కట్టలు విప్పించి చూడటం, జాయింట్లకు గ్రీజు, కూలెంట్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్. మిర్చి సరుకు మోసే బండికి ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకంలో రాసినదానికన్నా ముందే మార్చాలి. ఆ ఎర్రటి దుమ్ము చాలా సన్నగా ఉంటుంది, గాలి కొట్టినా పూర్తిగా పోదు. కొత్త బండికి ఆయిల్ మాత్రం డీపీఎఫ్‌కు తగినదే పోయించాలి. మామూలు ఆయిల్ వదిలే బూడిద ఆ ఫిల్టర్లో నిలిచిపోతుంది, మసిలా అది కాలదు.

2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో పాత బండి విజయవాడ సింగ్‌నగర్‌లో మా బావమరిది ఇంటి ముందు ఉండిపోయింది. రెండు రోజులు బానెట్ దాకా నీళ్లు. నీళ్లు తీశాక తాళం తిప్పి చూద్దామని వాడు ఫోన్ చేస్తే, ముట్టుకోవద్దని బతిమాలాను. సిలిండర్లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తాడు కట్టి ఆటోనగర్‌కు లాగించాం. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, వెనక క్రౌన్ ఆయిల్ మూడూ పాలల్లా తెల్లగా వచ్చాయి. డీజిల్ ట్యాంకు దించి కడిగారు, వైరింగ్ విప్పి ఆరబెట్టారు, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ మార్చారు. పన్నెండో రోజు స్టార్ట్ అయింది. ఆ మేస్త్రి చేతికి నేనెప్పుడూ రుణపడి ఉంటాను. అదే కొత్త బండి అయితే సెన్సర్లకే ఇంకెంత అయ్యేదో అన్నాడాయన.

పాతదానికి 2025లో ఎనిమిదేళ్లు నిండాయి, ఇకనుంచి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఏటా చేయించాలి. అమ్ముతావా అని ముగ్గురు అడిగారు. అమ్మడం లేదు, యార్డు పనికి దాన్ని మించింది నాకు దొరకదు. వాళ్లలాగే పాత డీజిల్ పికప్ కోసం వెతుకుతున్నవాళ్లకు ఒక్క మాట. అమ్మే మనిషికి ముందే చెప్పి, ఇంజన్ చల్లగా ఉండగా తెల్లవారే వెళ్లండి. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే మర్నాడు మళ్లీ రండి. మొదటి స్టార్టింగులో ఎంతసేపు తిరిగి అందుకుంటుందో, తెల్ల పొగ ఎంతసేపు ఉంటుందో చూడండి. తర్వాత ఆయిల్ పోసే మూత తీసి కన్నం మీద వదులుగా పెట్టండి. లోపలి గాలికి మూత ఎగిరెగిరి పడుతుంటే ఆ ఇంజన్‌లో పిస్టన్ రింగులు అరిగిపోయాయని అర్థం. రంగు ఎంత మెరుస్తున్నా అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.