హాల్లో ఒకరోజు క్లాసా, మిషన్ దగ్గర పది నిమిషాలా: ఏది మేలు?

చీమకుర్తి రాయిని కోసి పాలిష్ పెట్టే ఫ్యాక్టరీలు ఒంగోలు చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. వాటిల్లో సేఫ్టీ ట్రైనింగ్ రెండు రకాలుగా నడుస్తుంది. ఏడాదికోసారి హాలు తీసుకుని, అందర్నీ కూర్చోబెట్టి, స్లైడ్లు చూపించి, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి పంపడం ఒకటి. షిఫ్టు ఎక్కే ముందు మిషన్ దగ్గరే నిలబడి, ఆరోజు పనిలో ఉన్న ఒక్క ప్రమాదం గురించి పది నిమిషాలు మాట్లాడుకోవడం ఇంకోటి. క్వారీ వాళ్ళ సంగతి వేరు. వాళ్ళు గనుల రూల్సు కిందికి వస్తారు, వాళ్ళ ట్రైనింగ్‌కి 1966లోనే విడిగా రూల్సు పెట్టారు.

నేను రెండూ చూశాను. ఒకచోట క్లాసు బాగానే జరిగింది. మంటలార్పే సిలిండర్లు, హెల్మెట్, ఫస్ట్ ఎయిడ్ అన్నీ చెప్పారు, రిజిస్టర్‌లో సంతకాలు పడ్డాయి. మర్నాడు షిఫ్టు దిగేటప్పుడు కుర్రాళ్ళు కంప్రెసర్ గాలితో ఒకరి చొక్కా మీది దుమ్ము ఒకరు ఊదుకుంటున్నారు. "నిన్న విన్నారు కదయ్యా?" అన్నాను. "దీని గురించి చెప్పలేదు సార్" అన్నాడొకడు. నిజమే, చెప్పలేదు.

మిషన్ దగ్గరైతే అలా తప్పించుకోవడం కుదరదు. రాతి స్లాబుల్ని రెండువైపులా ఆనించి పెట్టే స్టాండుకి ఒకవైపు స్లాబులే తీసుకుంటూ పోతే స్టాండు రెండోవైపు ఒరిగి మనిషి మీద పడుతుంది. అది స్లైడ్‌లో చూస్తే బొమ్మ, స్టాండు పక్కన నిలబడి చూస్తే భయం. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే చెవికి రక్షణ కావాలని కూడా అక్కడే తేలిగ్గా తెలుస్తుంది. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళకి తెలుగు రాకపోయినా చేత్తో చూపిస్తే సగం అర్థమైపోతుంది.

అయితే దుమ్ము దగ్గర ఈ పది నిమిషాలు చాలవు. రాయి కోసేటప్పుడు లేచి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళే సిలికా పొడి కంటికి కనబడదు. కనబడే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. ఆ పొడితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, సిలికోసిస్, మామూలుగా ఏళ్ళ తర్వాత బయటపడుతుంది, వచ్చాక నయం కాదు, పైగా టీబీ తొందరగా అంటుకుంటుంది. ఇంకో తిరకాసు ఉంది. గెలాక్సీ అనే చీమకుర్తి నల్లరాయిలో క్వార్ట్జ్, అంటే ఆ సిలికా, తక్కువ; రంగు గ్రానైట్లలో ఎక్కువ. ఒకే గ్రైండర్ మీద ఇవాళ అది, రేపు ఇది. నల్లరాయితో ఏళ్ళు గడిపినవాడు "నాకేం కాలేదు" అంటే కుర్రాళ్ళు నమ్మేస్తారు. దీన్ని ఎక్స్‌రేలు చూపిస్తూ, ప్రశ్నలు అడగనిస్తూ, నింపాదిగా కూర్చుని చెప్పాలి. జేబురుమాలు ఆ పొడిని ఆపదనీ, గడ్డం ఉంటే ఎన్95 మాస్కు ముఖానికి అతకదనీ, రాయి కోసినప్పుడు వచ్చే బురద, అదే స్లర్రీ, ఆరాక చీపురుతో ఊడిస్తే అదే పొడి మళ్ళీ లేస్తుందనీ.

ఒక్కటే ఎంచుకోమంటే నేను పది నిమిషాలకే ఓటేస్తాను. కుదిరితే కొత్తగా చేరినవాళ్ళకి, ఇరవై మందికి మించకుండా, దుమ్ము గురించి ఒక పూట క్లాసు పెట్టండి. ట్రైనింగ్ పొందడం కార్మికుడి హక్కని అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో 1987లోనే 111-ఎ సెక్షన్ చేర్చారు కాబట్టి ఇది దయ కింద లెక్క కాదు. హాలు అద్దె, బిర్యానీ డబ్బులు మిగిలితే దుమ్ము లేవకుండా చేతి గ్రైండర్లకి నీళ్ళ పైపులు వేయించండి.

పైపు పగిలి, రాయిని పొడిగానే కోస్తున్న రోజున మాత్రం ఆ పది నిమిషాలకి మేనేజర్‌ని కూడా పిలిచి అక్కడే నిలబెట్టండి.