యాక్సెస్ ఫారంలో బయటి గ్రిడ్ కంట్రోల్: గ్రిడ్ బాగుంది, మాన్యువలే దండగ

మందుల హోల్‌సేల్ షాపు స్టాక్ లెక్కలు మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో నడుస్తున్నాయి, దానికోసం ఒక బయటి కంపెనీ యాక్టివ్‌ఎక్స్ గ్రిడ్ (ఫారంలో అతికించుకునే రెడీమేడ్ పట్టిక) కొన్నాం. చూడ్డానికి బాగుంది, వేల వరుసలున్నా స్క్రోల్ తడబడదు. చిక్కంతా ఈవెంట్ల దగ్గరే, అంటే క్లిక్ లాంటిది జరగ్గానే మన కోడ్‌ని నడిపించే సంకేతాల దగ్గర. ప్రాపర్టీ షీట్‌లో ఈవెంట్ ట్యాబ్ తెరిస్తే ఆన్ ఎంటర్, ఆన్ ఎగ్జిట్ లాంటివే కనిపిస్తాయి, గ్రిడ్ సొంత ఈవెంట్లు అక్కడ ఉండవు. కోడ్ రాసే వీబీఏ ఎడిటర్‌లో పైన ఎడమవైపు జాబితాలో కంట్రోల్ పేరు ఎంచుకుంటే అప్పుడు కుడివైపు జాబితాలో అన్నీ దిగుతాయి. ఈ ముక్క వాళ్ల మాన్యువల్‌లో ఎక్కడా లేదు, కొత్తవాళ్లు ఇక్కడే ఆగిపోతారు, నాకు ఒళ్లు మండేది ఇందుకే.

అదే కోడ్ నాలుగైదు ఫారాల్లో కావాలంటే క్లాస్ మాడ్యూల్‌లో (పలుచోట్ల వాడుకునే కోడ్ పెట్టే చోటు) ఈవెంట్లను అందుకునే విత్‌ఈవెంట్స్ వేరియబుల్ పెట్టి, దానికి కంట్రోల్‌ని కాదు, కంట్రోల్ తాలూకు ఆబ్జెక్ట్ ప్రాపర్టీని (లోపలి అసలు గ్రిడ్‌ని ఇచ్చేది) సెట్ చేయాలి. ఆ క్లాస్‌ని పట్టుకునే వేరియబుల్ ఫారం మాడ్యూల్ పైభాగంలో ఉండాలి. ఫారం లోడ్ ప్రొసీజర్ లోపల పెడితే అది ముగియగానే క్లాస్ కూడా పోతుంది, ఈవెంట్లు రావు, ఎర్రర్ కూడా చూపించదు, ఇక ఎక్కడ వెతుకుతారు?

పనితనానికైతే మంచి మార్కులే వేస్తా. కానీ కొనేముందు 64 బిట్ ఓసీఎక్స్ (ఆ గ్రిడ్ ఉండే ఫైలు) ఇస్తారో లేదో అడగండి, 32 బిట్‌ది 64 బిట్ ఆఫీస్‌లో లోడ్ కాదు.