వెదురు: ఊరి అడవిలోనా, సొంత పొలంలోనా?

2006 అటవీ హక్కుల చట్టం అడవి వెదురుపై హక్కును గ్రామసభలకిచ్చింది. భారత అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణ పొలంలో పెంచిన వెదురును ‘చెట్టు’ నిర్వచనం నుంచి తప్పించింది.

ఖర్చు: అడవిలో మొక్క కొననక్కర్లేదు. పొలంలో మొక్క, నీళ్లు, కంచె అన్నీ రైతువే.

ఆదాయం: అడవిలో ఎదిగిన పొదలుంటే వెంటనే. పొలంలో నాలుగైదేళ్లు ఆగాలి.

శ్రమ: అడవిలో అసలు టెన్షన్ కాగితాలతోనే. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామానికి 2009లో హక్కు పత్రం వచ్చినా, వెదురు తరలించడానికి కావాల్సిన రవాణా పాసుల పుస్తకం 2011లో గానీ చేతికందలేదు. గెడ మీద హక్కుండీ లారీ కదలకపోతే ఆ హక్కు కూడు పెట్టదు. ఇది అన్యాయం.

రిస్క్: కొనేవాళ్లు లేకపోతే పొలం నష్టం ఒక్క ఇంటిదే.

కలిసికట్టుగా ఉండే అడవి పక్క ఊరికి మొదటిదే మేలు. నీళ్లు, ఆగే స్తోమత, దగ్గర్లో మిల్లు ఉన్న రైతుకు రెండోది. అప్పు చేసి మాత్రం వేయొద్దు.